రేగుపళ్ళ సెలవుల్లో లేని పేజీ

పుట్టపర్తి,
9 మార్చి 2025.

మహారాజశ్రీ యాడికి గ్రామ వాస్తవ్యురాలు, మాజీ తొమ్మిదో తరగతి ఫస్టు ర్యాంకు, శ్రీమతి రెబెకా గారి సముఖానికి,

ఈ జాబు రాస్తున్నందుకు ముందుగా క్షమాపణ. ఇందులో రాబోయే అతిశయోక్తులకు, నా చేతిరాతకు, కాగితం మీద పడ్డ టీ మరకకు, దీన్ని మోసుకొచ్చే పోస్ట్‌మ్యాన్ మోకాళ్ళ నొప్పికి, నేను పుట్టినందుకు, పుట్టి ఊరుకోకుండా చదువుకున్నందుకు, చదువుకుని ఊరుకోకుండా మాట్లాడుతున్నందుకు అష్టాంగాలూ నేలకు ఆనించి క్షమాపణ కోరుతున్నాను. తొమ్మిదో అంగం ఉంటే అదీ ఆనించేవాణ్ణే. ఇంత వినయం ఒక్క పేరాలో చూపించిన మనిషి రాయలసీమలో ఇంతకుముందు లేడు.

మన ఊరి నాగేశ్వర బస్సు కండక్టరయ్యాడు కదా, మొన్న మా లాడ్జీ ముందు దిగి టికెట్టు చించి ఇచ్చినట్టు నీ చీటీ ఇచ్చిపోయాడు. మూడే వాక్యాలు. "రేగుపళ్ళ సెలవులు దొరికింది. జాబు రాయి. ఫోను చేయొద్దు." పద్నాలుగేళ్ళ తర్వాత పలకరించే పద్ధతి ఇదా తల్లీ? బాగున్నావా అన్న ముక్కకు కూడా కాగితం చాలలేదా?

నా సంగతి. ఎం.ఏ. తెలుగు పూర్తిచేసి, ప్రస్తుతం ముప్పై రెండు గదుల తాళం చెవులకు అధిపతిగా ఉన్నాను. పెళ్ళిళ్ళ సీజన్లో మైకు పట్టుకుని జనాన్ని నవ్విస్తాను. దాన్ని యాంకరింగ్ అంటారు. మా నాయన మాత్రం ఎవరైనా అడిగితే "మా వోడు మైకులో మొరుగుతాండాడు" అని చెబుతాడు.

రేగుపళ్ళ సెలవులు నవల పేరు వినగానే మా ఇంటి పడసాల కళ్ళ ముందుకొచ్చింది. జూన్ నెల. వాన పడుతుందని రేడియో చెప్పేది, పడేది కాదు. పడితే మాత్రం విత్తనం సిద్ధంగా ఉండాలి కాబట్టి పన్నెండు మంది ఆడవాళ్ళు పడసాలలో కూర్చుని చెనక్కాయలు ఒలిచేవాళ్ళు. ఒలిచే చెయ్యి నోటిదాకా పోకుండా చూడడం మా అవ్వ జీవిత సమస్య. దానికి ఆమె కనిపెట్టిన మందు సాహిత్యం. నోరు తెరుచుకుని కథ వినే మనిషికి నమలడం గుర్తుండదని ఆమె సిద్ధాంతం. తెలుగు నవల వల్ల దేశానికి ఏం ఒరిగిందో తెలీదు గానీ, మా ఇంట్లో ఏడాదికి రెండు మూటల విత్తనం మిగిలేది.

ఆ ఏడు మనం తొమ్మిది దాటి పదిలోకి పోతున్నాం. మీ అమ్మ తిరుపాలమ్మ పక్కన కాయలు ఒలుస్తున్న నిన్ను లేపి స్తంభం దగ్గర కూర్చోబెట్టింది అవ్వ. చర్చిలో వాక్యం చదివి పదునెక్కిన గొంతు నీది. మా చిన్నాయన అనంతపురం బస్టాండులో కొన్న ఆ నవల నీ చేతికిచ్చింది. పదిహేనేళ్ళ నీరజ, ఆమె హైస్కూలు, వేసవి సెలవులు, ఊరి చుట్టూ కాలువలు. పేజీకొకరు ఆ కాలువలో దూకేవారు. "ఇన్ని నీళ్ళు యాడుంటాయప్పా, ఆ రాసినోడు తాగి రాసినాడు" అని చెన్నమ్మ ప్రతి పేజీకీ తీర్పు చెప్పేది. సగం దాకా నువ్వు చదివావు, మిగతా సగం నేను.

నిజంగా దొరికిందా? అప్పుడు నవ్వొచ్చిన చోట ఇప్పుడూ నవ్వొస్తోందా?

ఇట్లు,
తాళాలరాయుడు జయచంద్ర.


యాడికి,
30 మార్చి 2025.

జయచంద్ర అన్నకు,

జాబు అందింది. చదివి నవ్వినాను. అందుకే ఫోను వద్దన్నాను. ఫోనులో నువ్వు నవ్విస్తే అడగాల్సింది మరిచిపోతాను. జాబులో అయితే నవ్వడం అయిపోయినాక కూడా కాగితం మిగులుతుంది.

నేను బాగున్నాను. ఇక్కడి హైస్కూల్లో మధ్యాహ్నం అన్నం వండుతాను. పాత్రలు కడిగినాక గంటసేపు ఖాళీ. లైబ్రరీ బీరువా దులపమని టీచరమ్మ తాళం ఇచ్చింది. కింది అరలో దొరికింది. అట్ట మీద నీరజ సైకిలు పట్టుకుని నిలబడి ఉంది. నేను చదివినప్పుడు అట్ట ఉండేది కాదు కదా, ఆమె ముఖం చూడడం ఇదే మొదలు. నేను అనుకున్నట్టు లేదు.

రోజుకు పది పేజీలు చదువుతున్నాను. ఇరవై ఎనిమిదేళ్ళ మనిషి పదిహేనేళ్ళ పిల్ల కథ చదవడం ఏంటని మా ఆయన తిప్పయ్య నవ్వుతాడు. నాకు నవ్వు రావడం లేదు. కోపం వస్తోంది. నీరజకు ఒక గది ఉంది. ఆ గదికి కిటికీ ఉంది. స్నేహితురాలు రెండు రోజులు మాట్లాడలేదని ఆ కిటికీ దగ్గర కూర్చుని మూడు పేజీలు ఏడుస్తుంది. చిన్నప్పుడు ఆ మూడు పేజీలు చదువుతూ నేను కూడా ఏడ్చినాను. ఇప్పుడు లేచి పోయి చెంప మీద ఒకటి పెరికి, నీళ్ళు తోడమ్మి అని చెప్పాలనిపించింది. అయితే ఆమె పుట్టినరోజు పేజీ దగ్గర మాత్రం ఆగిపోయినాను. పదిహేను కొవ్వొత్తులు. నాకు పదిహేనో ఏడు రాలేదన్నా. పద్నాలుగు వరకు వచ్చి, అటు నుంచి నేరుగా అత్తగారింటికి పోయింది లెక్క.

అడగాల్సింది ఇది. నూట నలభయ్యో పేజీ దాకా వచ్చినాను. రోజీ ఇంకా రాలేదు. నీకు గుర్తుండే ఉంటుంది. నేను చదవడం మానేసి నువ్వు చదవడం మొదలుపెట్టిన మూడో రోజు వచ్చింది రోజీ. నీరజ క్లాసు పిల్ల. వాళ్ళమ్మ కూలికి పోతుంది. రోజీ ఒక జడకు పచ్చ రిబ్బను, ఒక జడకు ఎర్ర రిబ్బను కట్టుకుంటుంది. గురువారం గురువారం ప్రార్థన ఉందని అమ్మకు చెప్పి, మోటరు కొట్టం వెనక గొర్రెలు తోలే పిల్లోనితో కూర్చుంటుంది. నువ్వు అది చదువుతుంటే పడసాలలో అందరూ నా రిబ్బన్లు చూసినారు. ఒకటి పచ్చ, ఒకటి ఎరుపు. గురువారాలు నేను ఇంటికి ఆలస్యంగా పోయే మాట ఊరంతటికీ తెలుసు. లెక్కల సారు దగ్గర పదో తరగతి లెక్కలు ముందుగా చేసుకునేదాన్ని, అది ఎవరికీ తెలీదు.

రోజీ ఏ పేజీలో వస్తుందో చెప్పు. మిగతాదంతా వదిలేసి ముందు అది చదువుతాను.

మా పాప నందిని ఐదో తరగతి. గురుకులం పరీక్ష రాసింది. అమ్మ నా దగ్గరే ఉంది, నాయన పోయినాక వచ్చేసింది.

రెబెకా.


పుట్టపర్తి,
14 ఏప్రిల్ 2025.

విమర్శకశిరోమణి రెబెకా గారికి,

అన్నా అన్నందుకు మొదట అభ్యంతరం దాఖలు చేస్తున్నాను. నీకంటే ఇరవై రోజులు చిన్నవాణ్ణి. రికార్డులు హైస్కూల్లో ఉన్నాయి, చెదలు ఒప్పుకుంటే తీసి చూపిస్తాను.

నీ జాబు చూసి నాకూ చదవాలన్న పిచ్చి పుట్టింది. హైదరాబాదులో పాత పుస్తకాలమ్మే ఆయన్ని పట్టుకుని ఒక ప్రతి తెప్పించాను. రిసెప్షన్ బల్ల మీద పెట్టుకుని చదువుతున్నాను. నిన్న ఒక పెద్దాయన గది అడగడానికొచ్చి, అట్ట చూసి, "బాబూ, మీ పాపదా" అన్నాడు. పాప లేదండీ, పెళ్ళే కాలేదండీ అంటే, ఆయనకు గది వద్దనిపించిందేమో, పక్క లాడ్జీకి పోయాడు.

నువ్వన్నది నిజం. చిన్నప్పుడు చదివిన పుస్తకం ఇప్పుడు చదివితే మనుషులు మారిపోతారు. హెడ్మాస్టరు రాక్షసుడని గుర్తు నాకు. ఇప్పుడు చూస్తే పాపం ఆ మనిషికి మూడు ట్రాన్స్‌ఫర్లు, జబ్బు చేసిన భార్య, పై నుంచి ఇన్‌స్పెక్షన్లు. నీరజ కోసం సైకిలెక్కి తిరిగే శేఖరం మహావీరుడని గుర్తు. ఇప్పుడు చదివితే వాడికి ఇంట్లో పని చెప్పేవాళ్ళు లేరని అర్థమైంది. కాలువలు మాత్రం అట్లాగే ఉన్నాయి. ఈ ఏడు మా తోటలో ఆఖరి బోరు కూడా గాలి కొడుతోంది కాబట్టి, ఆ కాలువ పేజీలు చదువుతుంటే నాకు దాహం వేసింది.

ఇక రోజీ సంగతి. పుస్తకాలకు ముద్రణలని ఉంటాయి. ఒకసారి వేసినప్పుడు ఉన్నది ఇంకోసారి ఉండదు. బడి పిల్లల కోసం వేసినప్పుడు గొర్రెలు, మోటరు కొట్టాలు లాంటి అశాంతికరమైన విషయాలు కత్తిరించి ఉంటారు. మా చిన్నాయన పుస్తకం పాతది. దాని కథంతా మా చెదల కడుపులో భద్రంగా ఉంది. అయినా పద్నాలుగేళ్ళనాటి పిల్ల చేష్టలు ఇప్పుడెందుకు? నవలలో చివర జరిగే సైకిలు పోటీ చదువు, కడుపు పగిలేట్టు నవ్వుతావు.

నందినికి సీటు రావాలని, వస్తే మైకులో ప్రకటిస్తానని హామీ ఇస్తున్నాను.

ఇట్లు,
చెదల ప్రతినిధి,
జయచంద్ర.


యాడికి,
18 మే 2025.

జయచంద్రకు,

నువ్వు చెప్పినావని అన్న అనడం మానేసినాను. ఇంగ మీరు అనాలో నువ్వు అనాలో ఈ జాబు రాసేసరికి తేలుతుంది.

పుస్తకం అయిపోయింది. రెండు వందల పన్నెండు పేజీలు. నెంబర్లు వరసగా చూసినాను, ఒక్కటి కూడా చిరిగిపోలేదు. ముందు పేజీలో ముద్రణ వివరాలు ఉంటాయి కదా, అదీ చదివినాను. మొదటి ముద్రణ. దీనికంటే పాతది మీ చిన్నాయన దగ్గర కూడా ఉండదు, నీ బల్ల మీద ఉండేదీ ఇదే అయ్యుంటుంది. చూసుకో. రోజీ లేదు. గొర్రెలు లేవు. మోటరు కొట్టం లేదు. కాలువల ఊర్లో మోటరు కొట్టం ఎందుకుంటుంది? గొర్రెల మంద యాడిది? ఆ రోజు పడసాలలో పన్నెండు మందిలో ఒక్కరూ అడగలేదు. చదివేదాన్ని, నేనైనా అడగాల్సింది. నేను ఒక్క మాటే అన్నాను. "లేదమ్మా, నేను అట్లా పోలేదు" అన్నాను.

ఆ తర్వాత ఏం జరిగిందో నీకు తెలీదు, ఎందుకంటే అది మా ఇంట్లో జరిగింది. ఆ సాయంత్రం అమ్మ తిట్టలేదు, కొట్టలేదు. సంగటి చేసి పెట్టింది. మరుసటి రోజు మధ్యాహ్నం నా పుస్తకాల సంచి చెన్నమ్మ కూతురికి ఇచ్చేసింది. ఆ మరునాడు నన్ను యాడికి బస్సెక్కించి మా మామ ఇంట్లో దించింది. రెండేళ్ళకు మామ కొడుకుతో పెండ్లి. తిప్పయ్య మంచివాడే. ఆ మాట నేను ఎవరు అడగకపోయినా చెప్పుకుంటాను.

అమ్మ మీద నాకున్న కోపం ఏంటంటే, ఆమె ఒక్కసారి కూడా నన్ను నిజమా అని అడగలేదు. పుస్తకంలో ఉంది అంటే అయిపోయింది. చదువు రాని మనిషికి అచ్చులో ఉండేదంతా దేవుని వాక్యమే. ఆ పుస్తకం సగం నేను ముందే చదివినాను కాబట్టి అందులో చూసే నేర్చుకున్నానని ఆమె నమ్మకం. పద్నాలుగేళ్ళు. ఒకే పొయ్యి దగ్గర వండుకుంటాం, ఆ మాట మాత్రం ఎత్తం.

ఇప్పుడెందుకు అని అడిగినావు. చెబుతాను. నందినికి సీటు వచ్చింది. గురుకులంలో ఆరో తరగతి. హాస్టలు. జూన్ ఇరవై మూడు లోపల చేర్చకపోతే ఇంకొకరికి పోతుంది. అమ్మ ఒప్పుకోవడం లేదు. "ఆడ ఎవురు చూస్తారు? బుక్కులు చదివి నీ మాదిరే అయితాది" అంటుంది. తిప్పయ్య ఆమె మాట దాటడు. "అత్త సరే అంటే రేప్పొద్దున్నే తోలకపోతా" అంటాడు. ఆమె సరే అనదు. పుస్తకం తెచ్చి, చూడమ్మా ఇందులో రోజీ లేదు అని చెప్పినాను. "నీకు కావాల్సినట్టు చదువుకుంటాండావు" అనింది. నా చదువును నమ్మదు. నీ చదువును నమ్మింది.

అందుకని నీ చేత్తో రాసిన కాగితం కావాలి. అది పుస్తకంలో ఉందా లేదా. నవ్వించకుండా రాయి.

రెబెకా.


పుట్టపర్తి,
29 మే 2025.

రెబెకాకు,

లేదు. రోజీ పుస్తకంలో లేదు. నేను కల్పించాను.

ఈ ముక్క రాయడానికి వారం రోజులు పట్టింది. నాలుగు కాగితాలు చింపాను. రెండిట్లో నేను చాలా గొప్పగా పశ్చాత్తాపపడ్డాను, చదివితే నాకే చప్పట్లు కొట్టాలనిపించింది, అందుకే చింపాను.

జరిగింది ఇది. నువ్వు చదివేటప్పుడు ఆడవాళ్ళ చేతులు ఆగిపోయేవి. కథ అంత బాగా చదివేదానివి. విత్తనం నమలడం ఆగిందిగానీ ఒలవడం కూడా ఆగిందని అవ్వ గొణిగింది. "ఆ పిల్లను దించి మనోన్ని కూర్చోబెట్టండి" అంది. నేను కూర్చున్నాను. నేను చదువుతుంటే ఎవరి చేతులూ ఆగలేదు. మొదటి రోజు ఇద్దరు ఆవులించారు. రెండో రోజు చెన్నమ్మ కునికింది. మూడో రోజు నేను పుస్తకంలోంచి చదవడం మానేసి, పుస్తకం పట్టుకుని నా నోటికొచ్చింది చెప్పాను. మొదట హెడ్మాస్టరుకు మా సర్పంచి నత్తి పెట్టాను. పగలబడి నవ్వారు. ఇంకోటి పెట్టాను. ఇంకా నవ్వారు. అట్లా రోజీ వచ్చింది. నవ్వుతారని పెట్టాను. నవ్వారు కూడా. నీకు గుర్తుందా, మొదట నువ్వు కూడా రిబ్బన్ల దగ్గర నవ్వావు.

ఈ నవలలో మురళి అని అల్లరివాడు ఉన్నాడు చూడు, క్లాసును నవ్వించేవాడు. చిన్నప్పుడు వాణ్ణి చదివి, ఇది నేనే అనుకున్నాను. ఇప్పుడు చదివితే ఇంకోటి కనబడింది. వాడు నవ్వించిన ప్రతి పేజీలోనూ ఎవరో ఒకరు గోడ పక్కన నిలబడి ఉంటారు. నవ్వకుండా. రచయిత వాళ్ళ పేరు కూడా చెప్పడు. పద్నాలుగేళ్ళప్పుడు నాకు ఆ నిలబడ్డవాళ్ళు కనబడలేదు. ఇప్పుడు మైకు పట్టుకుని పెళ్ళిపందిట్లో నిలబడితే మొదట వాళ్ళే కనబడుతున్నారు, యాంకరింగుకు అదో పెద్ద ఇబ్బంది.

ఈ జాబు తిరుపాలమ్మకు చదివి వినిపించు. తిప్పయ్యకూ వినిపించు. కింద పూర్తి పేరు, ఊరు, ఇంటిపేరు అన్నీ రాసి సంతకం పెట్టాను. నేను చెప్పింది పిల్లవాడి వెకిలి వేషం. అంతకుమించి ఏమీ లేదు.

ఇట్లు,
యర్రగుడి జయచంద్ర రెడ్డి.


యాడికి,
11 జూన్ 2025.

జయచంద్రా,

పొద్దున వినిపించినాను. తిప్పయ్య పనికి పోకముందే కూర్చోబెట్టి ఇద్దరికీ చదివినాను. ఒక్క మాట కూడా మార్చలేదు. నేను కూడా రిబ్బన్ల దగ్గర నవ్వినాను అనే మాట కూడా చదివినాను. అది నిజమే.

తిప్పయ్య తువ్వాలు భుజానేసుకుని, "రెడ్డి కొడుకు కాగితం మీద ఒప్పుకున్నాడు కదత్తా, ఇంగేం కావల్ల నీకు" అన్నాడు.

అమ్మ బియ్యం ఏరుతూ తల ఎత్తలేదు. "ఆ కాగితం వద్దు నాకు. ఇది అడిగింటుంది, పాపం అని రాసిచ్చినాడు" అనింది.

"నేను చెప్పలేదమ్మా, ఆయప్పే రాసినాడు. బుక్కులో లేదంట."

"ఉండాది."

"అమ్మా, నేను మొత్తం చదివినా. లేదు."

"ఉండాది. నేను చూసినా."

"నీకు చదువు రాదు కదమ్మా, ఏం చూసినావు?"

అప్పుడు తల ఎత్తింది. "నా కండ్లతో చూసినా, ఈ చేత్తో ముట్టుకున్నా. ఇంగ నన్ను అడగద్దు" అని చాట కింద పెట్టి బయటికి పోయింది. మధ్యాహ్నం దాకా రాలేదు. వేపచెట్టు కింద కూర్చుని ఉందని నందిని చెప్పింది.

నేను అన్నం వండుతా అదే ఆలోచించినాను. అమ్మ ఆ పుస్తకం ఎప్పుడు ముట్టుకుంది? పడసాలలో అది నా చేతిలో ఉండేది, తర్వాత నీ చేతిలో ఉండేది. కూలికి వచ్చినవాళ్ళు మీ ఇంట్లో పుస్తకం ముట్టుకోరు. ఆమె మా ఇంట్లో బైబిలు కూడా నన్ను తీసివ్వమంటుంది గానీ తను తీయదు.

అమ్మ అబద్ధం చెప్పే మనిషి కాదు. నువ్వు రాసింది కూడా అబద్ధంలాగ లేదు. అయితే మధ్యలో ఏదో ఉంది. నువ్వు రాసిన జాబులో అది లేదు. అంతకుమించి ఏమీ లేదు అని నువ్వే రాసినావు. ఎవరూ అడగకుండానే ఆ మాట ఎందుకు రాసినావు?

ఇంకా పన్నెండు రోజులు ఉంది. నందిని తన బట్టలు తానే మడిచి గోతాం సంచిలో పెట్టుకుని, మళ్ళీ తానే తీసి దండెం మీద వేస్తోంది. ఏమే అంటే, "అవ్వ చూస్తే బాధపడతాది కదమ్మా" అంటుంది.

మా అమ్మ ఏం చూసింది?

రెబెకా.


పుట్టపర్తి,
15 జూన్ 2025.

రెబెకా,

ఈ జాబు పోస్టులో వేయడం లేదు. నాగేశ్వర చేతికిస్తున్నాను, రేపే అందుతుంది. ఇది కూడా మీ అమ్మకు చదివి వినిపించు. తిప్పయ్య ఉన్నప్పుడు వినిపించు. ముందు పుస్తకం తెచ్చి పక్కన పెట్టుకో.

నవ్వుతారని పెట్టాను అని రాశాను. అది సగం. ఆ ఏడు తొమ్మిదో తరగతి మార్కుల పట్టీలు వచ్చినప్పటి నుంచి మా నాయన అన్నానికి కూర్చున్న ప్రతిసారీ ఒకటే మాట. "కాయలొలిచేదాని బిడ్డ ఫస్టంట. మనోడు దాని ఎనక." ఇంటికి ఎవరొచ్చినా చెప్పేవాడు, నా ముందే. ఆ తర్వాత చదివే చోట కూడా నువ్వే కూర్చున్నావు. నిన్ను దించి నన్ను కూర్చోబెడితే జనం కునికారు. రోజీకి పచ్చ రిబ్బను, ఎర్ర రిబ్బను నోటికొచ్చి పెట్టినవి కావు. నీ జడలు చూసి పెట్టాను. గురువారం అని తెలిసే అన్నాను. నువ్వు లెక్కల సారు దగ్గర కూర్చుంటావనీ నాకు తెలుసు. కిటికీలోంచి చూశాను.

అయినా అది అక్కడితో ఆగిపోయి ఉండేది. ఆగేదే.

మరుసటి రోజు పొద్దున, కాయలు ఒలవడానికి ఇంకా ఎవరూ రాకముందు, నేను నీళ్ళ గాబు దగ్గర పళ్ళు తోముకుంటుంటే మీ అమ్మ ఒక్కతే వచ్చింది. "జయప్పా, రోంత ఆ బుక్కు తెస్తావా" అంది. తెచ్చాను.

"నా బిడ్డ లేదంటాండాది" అంది. "అది నా కాడ ఎప్పుడూ అబద్ధం చెప్పలా. నిన్న నువ్వు చదివింది బుక్కులో రాసిండాదా, లేకుంటే నగేదానికి చెప్పినావా? నగేదానికైతే చెప్పు నాయనా, నేనేమీ అనుకోను. ఎవురికీ చెప్పను."

నిన్ను అడగలేదని పద్నాలుగేళ్ళుగా ఆమె మీద కోపం పెట్టుకున్నావు. నిన్ను అడగాల్సిన అవసరం ఆమెకు కనబడలేదు. నిన్ను నమ్మింది కాబట్టి నన్ను అడగడానికి వచ్చింది. ఏం చెప్పాలో కూడా ఆమే నాకు అందించింది. నగేదానికే చెప్పినా తిరుపాలమ్మా. మూడు మాటలు.

నువ్వు పదో తరగతికి రాకపోతే ఫస్టు నాదే అని అప్పుడు అంత తేటగా అనుకున్నానో లేదో చెప్పలేను. అనుకోలేదని మాత్రం చెప్పలేను. ఆ ఏడు పదిలో ఫస్టు నాదే. మా నాయన ఊరంతా మిఠాయి పంచాడు. చెన్నమ్మ కూతురు నీ సంచి వేసుకుని వచ్చి ఒకటి తీసుకుపోయింది.

ఇప్పుడు పుస్తకం తెరువు. నూట ముప్పై ఒకటో పేజీ. కుడి మూలన పడవ బొమ్మ ఉంటుంది. మీ అమ్మను ఆ బొమ్మ చూడమను, గుర్తుపడుతుంది. ఆ బొమ్మ కిందినుంచి నాలుగో వరస మీద ఆమె వేలు పెట్టించి, నువ్వు బిగ్గరగా చదువు. నమ్మకపోతే నందినితో చదివించు. ఐదో తరగతి పిల్ల చదవగలిగినంత తేలిక వాక్యం. "నీరజ వాళ్ళమ్మ మజ్జిగలో ఉప్పు వేయడం మరిచిపోయి మళ్ళీ వంటింట్లోకి వెళ్ళింది." అంతే ఉంది అక్కడ.

ఆ పొద్దున మీ అమ్మ తడి చెయ్యి చీర కొంగుకు తుడుచుకుని, ఆ వరసను బొటనవేలితో ఈ చివరి నుంచి ఆ చివరికి తడిమింది. "ఇదంతానా?" అంది. ఈడ నుంచి ఈడిదాకా అన్నాను. "ఆ పిల్ల పేరు యాడుండాది?" అంది. ఇంకో మాట చూపించాను. చాలాసేపు దాన్నే చూసింది. నేను చూపించినానని ఎవరికీ చెప్పొద్దు, అవ్వ తిడుతుంది అన్నాను. "చెప్పనులే నాయనా" అంది. పద్నాలుగేళ్ళయినా చెప్పలేదు. మొన్న చాట కింద పెట్టి బయటికి పోయింది గానీ నీకు కూడా నా పేరు చెప్పలేదు.

కథలు ఎవరైనా కల్పిస్తారు. నేను చేసింది అది కాదు. చదువు రాని తల్లి బిడ్డను నమ్మి, యాడ రాసిండాదో చూపించమని వచ్చి అడిగితే, ఇదిగో ఇక్కడ అని వేలు పెట్టి చూపించాను.

జయచంద్ర.